స్పాక్ వేషం ఇంకొకరు కడితే తప్పేంటి?

"లెనార్డ్ నిమోయ్ వేసిన స్పాక్‌ని వేరేవాళ్ళు వేస్తుంటే చూడబుద్ధి కావట్లేదు. నాకొక్కడికేనా?" అని అడిగారు. మీకొక్కరికే కాదు. స్పాక్ అంటే స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సిరీస్‌లో మొనదేలిన చెవులతో, మొహంలో ఏ భావమూ కనబడనివ్వని పాత్ర. ఆ సిరీస్ చూసేవాళ్ళు నలుగురు చేరితే మొదలయ్యే గొడవే ఇది. 2009 స్టార్ ట్రెక్ సినిమాలో జాకరీ క్వింటో స్పాక్‌గా వచ్చినప్పుడు ఒక విడత అయింది, 2019లో స్టార్ ట్రెక్ డిస్కవరీ సిరీస్‌లో ఈథన్ పెక్ గడ్డంతో కనబడ్డప్పుడు ఇంకో విడత. చెవులు సరిగ్గా అతికాయా, కనుబొమ్మలు ఎంత పైకి లేచాయి అని కొలతలు తీసేవాళ్ళను చూశాను. వాళ్ళలో సగం మంది పాత సిరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా పూర్తిగా చూసి ఉండరని నా గట్టి నమ్మకం.

ఇక్కడ ఎవరో ఒకరు ఎన్టీఆర్ కృష్ణుడి మాట తెస్తారని తెలుసు. అది సినిమా లెక్క. నేను పెరిగింది పద్యనాటకాల లెక్కలో.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. శ్రీరామనవమికి పందిట్లో సత్య హరిశ్చంద్ర వేయించేవాళ్ళు. తెలియనివాళ్ళకు చెబుతున్నా, ఒకే రాత్రిలో హరిశ్చంద్రుడి వేషానికి ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకటో హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు అని కరపత్రంలోనే అచ్చు వేసేవాళ్ళు. ఆ ఏడు ఒకటో ఆయన మంచి పుష్టిగా ఉన్నాడు, కిరీటం నుదుటిమీదికి జారుతుంటే పద్యం మధ్యలో పైకి నెట్టుకునేవాడు. నేను మధ్యలో చాపమీద నిద్రపోయి, కాటిసీను దగ్గర లేచాను. చూస్తే స్టేజీ మీద ఎముకల గూడులాంటి మనిషి, భుజాన గొంగళి, చేతిలో కర్ర.

"తాతా, హరిశ్చంద్రుడు మారిపోయాడేంటి?" అన్నాను.

మా తాత బీడీ నోట్లోంచి తీయకుండానే, "రాజ్యం పోయె, పెళ్ళాన్ని బిడ్డని అమ్ముకునె, చిక్కిపోడా మరి?" అన్నాడు.

అంతే, నా అనుమానం అక్కడితో తీరిపోయింది. రెండో ఆయన జాషువా పద్యాలు అందుకున్నాడు. రాగం తీస్తుంటే మెడ నరాలు వెనక వరసకి కూడా కనబడ్డాయి. జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాడు. అప్పుడు తెర పక్కకి చూస్తే ఒకటో ఆయన మీసం ఊడదీసి, మొహాన రంగు అలాగే ఉండగా, టీ గ్లాసు పట్టుకుని నిలబడి వింటున్నాడు. పద్యం బాగా వచ్చినచోట తలూపుతున్నాడు కూడా. తెల్లారి టీకొట్టు దగ్గర గొడవ లేదని కాదు, బ్రహ్మాండంగా అయింది. అయితే అది ఎవరి రాగం నిలిచింది, ఎవరిది జారింది అన్న గొడవ. "వీడు హరిశ్చంద్రుడు కాదు" అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

స్పాక్ దగ్గరికి వస్తే, 2009 సినిమాలో భవిష్యత్తు నుంచి వచ్చిన ముసలి స్పాక్‌గా నిమోయే ఉన్నాడు. చివర్లో కుర్ర స్పాక్ వెనక నుంచి చూసి నాన్న అనుకుని పలకరిస్తే, ఆయన ఇటు తిరిగి, నేను మన నాన్నని కాదు అంటాడు. పాత నటుడు అలా ఎదురుగా నిలబడి వేషం అప్పజెప్పాక మధ్యలో మన పెత్తనం ఏమిటి? అయినా ఆయనకే స్పాక్‌తో పేచీ ఉండేది. 1975లో 'నేను స్పాక్‌ని కాదు' అనే పేరుతో ఆత్మకథ వేసి అభిమానుల చేత తిట్లు తిన్నాడు. 1995లో 'నేను స్పాక్‌ని' అని ఇంకోటి రాసుకున్నాడు.

ఇంకో సంగతి. 1964లో తీసిన మొదటి పైలట్‌లో, అంటే ఛానల్‌వాళ్ళకు చూపించడానికి తీసే నమూనా ఎపిసోడ్‌లో, పాడే నీలి ఆకుల్ని పట్టుకుని స్పాక్ హాయిగా నవ్వుతాడు! ఆ రాయిలాంటి మొహం అందులో 'నంబర్ వన్' అనే ఆడ ఆఫీసర్‌ది. ఛానల్‌వాళ్ళు ఆ పైలట్ వద్దన్నాక ఆ పాత్రను ఎత్తేసి, ఆమె చల్లదనాన్ని స్పాక్‌కి తగిలించారు. మీరు ప్రాణంగా చూసుకుంటున్న స్పాక్ అసలు అరువు సొత్తు అన్నమాట.

మార్చినప్పుడల్లా బాగుంటుందని నేననను. స్టార్ ట్రెక్ సినిమాల్లోనే సావిక్ అనే ఆడ ఆఫీసర్ పాత్రలో 1982లో కర్స్టీ అల్లీ, 1984లో రాబిన్ కర్టిస్. రెండో ఆమెతో నాకు ఇప్పటికీ కుదరలేదు. కానీ అది పద్యం జారిన బాధ, మనిషిని మార్చినందుకు కాదు.

నాకు నిజంగా ఒళ్ళు మండేది ఇంకొకటి ఉంది. 1994లో పోయిన పీటర్ కుషింగ్ మొహాన్ని కంప్యూటర్‌లో తయారుచేసి, ఇంకో నటుడి మొహానికి తొడిగి, 2016లో స్టార్ వార్స్ సినిమాలో నడిపించారు. దానికి చప్పట్లు కొట్టినవాళ్ళే పెక్‌ని చూసి ముఖం చిట్లిస్తారు. పాపం ఆ కుర్రాడు కష్టపడి గొంతు బరువు చేసుకుని, ప్రతి మాటా తూచి పలుకుతున్నాడు. ఆ కష్టానికి విలువ లేదా? రేపు నిమోయ్ మొహాన్నే అతికించి మొత్తం సిరీస్ తీస్తామంటే టికెట్ కొనేవాళ్ళు వీళ్ళే.

ఓటు ఎవరికంటే, నాది పెక్‌కే. క్వింటో స్పాక్‌కి కోపం ముక్కుమీదే ఉంటుంది. డిస్కవరీ తర్వాత వచ్చిన స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ సిరీస్‌లో నర్స్ చాపెల్ ఎదురుపడితే పెక్ ఎటు చూడాలో తెలియక నిలబడతాడు చూడండి, ఆ ఇబ్బంది ముందు మిగతావన్నీ దిగదుడుపే. గడ్డం మాత్రం నాకూ నచ్చలేదు.