అన్నదానం చేస్తే సామాజిక న్యాయం పాటించినట్టేనా?

అన్నదానం ఒక్కటే చాలదు. అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, ఒకే మర్యాదతో వడ్డిస్తేనే అది సామాజిక న్యాయం కూడా అవుతుంది. ఎందుకంటే అన్నం ఆకలి తీరుస్తుంది కానీ, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న పాత లెక్కను చెరపదు.

కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మగారినే (1841–1909) తీసుకోండి. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా అన్నం పెట్టారు. ఆ రోజుల్లో అలా అడగకపోవడమే పెద్ద సాహసం!

చాలామంది సామాజిక న్యాయమంటే ధర్నాలు, జెండాలే అనుకుంటారు. అది పొరపాటు. ఊరి సంతర్పణలో దళితపేటవాళ్లకు వేరే బంతి వేస్తుంటే "అందరం కలిసే కూర్చుందాం" అనడమూ అదే పని. పైగా అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణ ఎప్పుడో నిషేధించింది.