చిన్నోడికి, సంతకం పెట్టే ముందు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నోడికి పెద్ద మావయ్య దీవెనలు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నీకు ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు కాగితాలు పంపారని చెబుతూ చెబుతూ గొంతు పూడిపోయి, కాసేపు ఏమీ మాట్లాడలేకపోయింది. మహేంద్రతనయ ఏటి ఇసకలో చెప్పుల్లేకుండా బంతి తన్నిన పిల్లాడికి రెండు సీజన్ల ఒప్పందం వచ్చిందంటే మన ఇంట్లో అది చిన్న సంగతి కాదు. నాకెంత సంతోషంగా ఉందో నువ్వు ఇక్కడుంటే నా మొహంలో చూసేవాడివి. కానీ సంతకం వారంలోపు పెట్టాలంటున్నారట. అందుకని సంతోషం పక్కన పెట్టి పని మాట రాస్తున్నాను. ఫోన్లో చెబితే నిలవదు. కాగితమైతే మళ్ళీ తీసి చూసుకోవచ్చు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన 11 పేజీలనూ జెరాక్సు షాపులో ప్రింటు తీయించి, పెన్సిల్ పట్టుకుని రెండు రాత్రులు చదివాను. అర్థంకాని ఇంగ్లీషు ముక్కలు మన వీధిలో ఉన్న వకీలుగారి దగ్గర అడిగి తెలుసుకున్నాను.

ముందు డబ్బు సంగతి చెబుతా, ఇంట్లో అందరి నోటా అదే మాట కాబట్టి. ఎవరో ఫోన్లో ఒక పేజీ తెరిచి, నీతో ఆడబోయే ఒకాయన పేరు పక్కన 40 లక్షలని చూపించారట. మీ నాన్న అప్పుడే మేడ మీద గది లేపుదామని మేస్త్రీని పిలిచారట. ఆ అంకెలు అంచనాలురా. ఆటగాడి వయసు, ఆడే స్థానం, పేపర్లో వచ్చిన పుకారు కలిపి ఎవరో వేసిన లెక్క. మన దేశంలో అంకెలు బాహాటంగా తెలిసింది వేలం జరిగినప్పుడే. 2015లో సునీల్ ఛెత్రిని ముంబయి జట్టు 1.20 కోట్లకు తీసుకుంది, యూజెన్‌సన్ లింగ్డో 1.05 కోట్లకు పోయాడు. ఇప్పుడు క్లబ్బు, ఆటగాడు నేరుగా మాట్లాడుకుంటున్నారు. అసలు అంకె వాళ్ళకీ ఏజెంటుకీ తప్ప బయటికి రాదు. మెస్సీ అంతటివాడి ఒప్పందం కూడా 2021లో స్పెయిన్ పత్రిక ఒకటి కాగితాలు బయటపెడితేగానీ లోకానికి పూర్తిగా తెలియలేదు. నాలుగు సీజన్లకు 55.5 కోట్ల యూరోలని రాశారు. అది కూడా పన్నులు పోకముందు, బోనస్‌లన్నీ వస్తే వచ్చే మొత్తం.

ఇంకో పొరపాటు కూడా జనం చేస్తారు. 2017లో నేమార్ బార్సిలోనా నుంచి పారిస్ వెళ్ళినప్పుడు 22.2 కోట్ల యూరోలు అన్నారు కదా, అది పాత క్లబ్బుకు ముట్టిన సొమ్ము. ఆటగాడి జీతం వేరే కాగితం మీద ఉంటుంది. 'ఫలానావాడు ఇంతకి అమ్ముడయ్యాడు' అని ఎవరైనా అంటే అది వాడి జేబులోకి వెళ్ళిందనుకోకు.

ఇక నీ లెక్క. మొదటి పేజీలో ఏడాదికి 6 లక్షలని ఉంది. నాలుగో పేజీలో ఆ 6 లక్షలూ 10 వాయిదాల్లో ఇస్తామని ఉంది. అంటే నెలకు 60 వేలు, రెండు నెలలు సున్నా. నిన్ను ఉద్యోగిగా కాకుండా వృత్తి చేసుకునేవాడిగా చూస్తున్నారు కాబట్టి 10 శాతం టీడీఎస్, అంటే ఆదాయపన్ను కింద ముందే, పట్టుకుంటారు. చేతికొచ్చేది 54 వేలు. ఏటా రిటర్ను వేస్తే నీ ఆదాయానికి తగ్గట్టు ఆ పట్టుకున్నది తిరిగొస్తుంది. వెయ్యకపోతే అది నీది కాదు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా నీ పేరు మీదే ఉండాలి. నాన్న ఖాతాకు వేయించవద్దు.

ఏజెంటునని చెప్పుకుంటున్న ఆ పెద్దమనిషి మొత్తం మీద 15 శాతం, అదీ మొదటి నెలలోనే ఇమ్మంటున్నాడని మీ అమ్మ చెప్పింది. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా 2023లో తెచ్చిన ఏజెంట్ల నిబంధనల్లో నీ అంత జీతమున్న ఆటగాడి తరఫున పనిచేస్తే 5 శాతం దాటకూడదని రాసుకుంది. ఆ పరిమితి మీద కొన్ని దేశాల్లో కోర్టు గొడవలు నడిచాయి, అది వేరే సంగతి. అయినా 15కీ 5కీ మధ్య ఎంత దూరం ఉందో చూడు. ఏజెంటు కావాలంటే ఫిఫా పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. ఆయన లైసెన్సు నంబరు అడుగు. మర్యాదగానే అడుగు. నంబరు చెప్పకుండా 'నన్నే అనుమానిస్తావా' అని కోప్పడితే నీకు జవాబు దొరికినట్టే.

ఇక నా మోకాలి సంగతి. ఇంతవరకూ నీకు పూర్తిగా చెప్పలేదు.

నేను 1985లో కలకత్తా వెళ్ళాను. అప్పుడు అక్కడ మైదానంలో, జట్టు మారడానికి కావలసిన టోకెన్ ఎవరి చేతిలో ఉంటే ఆటగాడు వాళ్ళ చేతిలో ఉన్నట్టు. జట్లు మారే రోజులొస్తే పెద్ద ఆటగాళ్ళను ఎవరింట్లోనో దాచేసేవారు. నేను పెద్ద ఆటగాడిని కాను కాబట్టి నన్ను దాచనక్కరలేకపోయింది. ఒక క్లబ్బు కార్యదర్శి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, తెల్ల కాగితం మీద కింద సంతకం పెట్టమన్నాడు. 'పైన తర్వాత టైపు చేయిస్తాం' అన్నాడు. పెట్టాను. ఇరవై ఏళ్ళు నాకు. టీ ఇచ్చి బిడ్డలా మాట్లాడాడు, ఎలా కాదంటాను?

మూడో సీజన్‌లో, వాన పడిన మర్నాడు, బురదలో కాలు దిగబడిపోయి పైనున్న శరీరం మాత్రం తిరిగింది. టప్ మని నాకు వినిపించింది. నా పక్కనున్న కుర్రాడికి కూడా వినిపించిందట. మర్నాటికి మోకాలు కొబ్బరికాయంత అయ్యింది. క్లబ్బు రెండు వారాలు మంచు గడ్డలు పంపింది. నెల తర్వాత జీతం ఆగింది. అడిగితే కాగితం తీసి చూపించారు. గాయమై ఆడలేకపోతే ఒప్పందం దానంతటదే రద్దని ఉంది, దాని కింద నా సంతకం. మా నాన్న, అంటే మీ తాతయ్య, పాతపట్నం వైపు ఉన్న ముప్పాతిక ఎకరం తాకట్టు పెట్టి నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. ఆ ముక్క మళ్ళీ మనకు రాలేదు.

అందుకే నీ ఏడో పేజీ చదువుతుంటే పెన్సిల్ ఆగిపోయింది. 'గాయం' అన్న శీర్షిక కింద క్లబ్బు డాక్టరు చూస్తాడని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆపరేషన్ ఖర్చు ఎవరిది? కోలుకునేదాకా జీతం వస్తుందా? మోకాలి లిగమెంటు తెగితే మళ్ళీ మైదానంలోకి రావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈ మూడూ రాతలో ఉండాలి: ఆటలో తగిలిన దెబ్బకు వైద్యం క్లబ్బుది, ఆ కాలంలో జీతం యథావిధిగా, నీ పేరు మీద బీమా. ఎంత తగ్గమన్నా జీతంలో తగ్గు, ఇందులో మాత్రం తగ్గవద్దు.

అదే పేజీలో ఇంకో వాక్యం ఉంది. ఆటతీరు సంతృప్తికరంగా లేకపోతే 30 రోజుల నోటీసుతో క్లబ్బు నిన్ను తీసేయవచ్చట. ఫిఫా నిబంధనల ప్రకారం సరైన కారణం లేకుండా మధ్యలో ఒప్పందం తెంచకూడదు. ఆటలో ఫామ్ తగ్గడాన్ని సరైన కారణంగా ఒప్పుకోరు. ఆ వాక్యం కొట్టేయమను. తొమ్మిదో పేజీలో, క్లబ్బు ఇష్టమైతే అదే జీతానికి మూడో ఏడాది పొడిగించుకోవచ్చని ఉంది. నీకు మాత్రం కాదనే హక్కు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే పొడిగింపని మార్పించు. కనీసం జీతం పెంచి రాయించు.

నీకున్న హక్కులు కూడా తెలుసుకో. రెండు నెలల జీతం ఆగితే రాతపూర్వకంగా నోటీసిచ్చి, 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే నువ్వు బయటికి రావచ్చు. ఫోన్లో అడిగింది లెక్కలోకి రాదు, ఈమెయిల్ పెట్టు. ఒప్పందం ఆఖరి ఆరు నెలల్లో వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. గడువు తీరాక కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు రుసుము కట్టనక్కర్లేకుండా ఆటగాడు వెళ్ళగలగడానికి బెల్జియంలో బోస్మాన్ అనే ఆటగాడు ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి 1995 డిసెంబరులో తీర్పు తెచ్చుకున్నాడు. ఆ పోరాటంలో అతని ఆట మాత్రం పోయింది. అలాగని ఒకేసారి ఇద్దరికి సంతకం పెట్టే పని ఎన్నడూ చెయ్యకు, నిషేధం పడుతుంది. మన దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో నీ ఒప్పందం ఎక్కిందో లేదో చూసుకో. అందులో ఎక్కిన కాగితం, నీ చేతిలో ఉన్న కాగితం ఒకటే అయి ఉండాలి. తగాదా వస్తే ఫెడరేషన్‌లో ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ఉంది. 2006లో పెట్టిన ఆటగాళ్ళ సంఘం కూడా ఉంది, మొదటి అధ్యక్షుడు బైచుంగ్ భూటియా. మా కాలంలో ఇవేవీ లేవురా. ఉన్నాయి కాబట్టి వాడుకో.

కాగితం ఎంత గట్టిదైనా లీగే ఆగిపోతే ఏం చేస్తాం అంటావేమో. 2025 జూలైలో చూశావు కదా. 2010లో ఫెడరేషన్‌తో కుదిరిన 15 ఏళ్ళ ఒప్పందం డిసెంబరుకు ముగిసిపోతోందని, దేశంలో పెద్ద లీగైన ఐఎస్‌ఎల్ నడిపేవాళ్ళు సీజన్ ఆపేశారు. దేశంలో పెద్ద పేరున్న ఆటగాళ్ళు కూడా ఇళ్ళలో కూర్చుని ఎదురుచూశారు. అందుకే జీతమొచ్చే నెలలో జీతం రాని నెలకు తీసిపెట్టు. ఆరు నెలల తిండి, అద్దె సరిపడా డబ్బు బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఆ తర్వాతే మేడ మీద గది. నాన్నతో ఈ మాట నేను చెబుతాను, నువ్వు ఇబ్బంది పడకు.

ఛెత్రిని చూసి నలభై ఏళ్ళదాకా ఆడొచ్చనుకోవడం సహజమే. 1984లో సికింద్రాబాద్‌లో పుట్టినవాడు, 2024లో దేశం జట్టుకు సెలవు చెప్పి మరుసటి ఏడాది మళ్ళీ వచ్చి గోల్ కొట్టాడు. అదే సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఆడాడు. మరుసటి ఏడాదికే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుని ఆట ముగిసింది. అప్పటికి వయసు 27. ఇద్దరిలో నువ్వు ఎవరివవుతావో నాకు తెలియదు, ఏ కోచ్‌కీ తెలియదు. డిగ్రీ రెండో ఏడాది పరీక్ష ఫీజు కట్టావా? స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో బ్యాంకులోనో అడగాలన్నా ఆ కాగితం అడుగుతారు. దూరవిద్యకు మారినా సరే, వదలకు.

నువ్వు వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడడానికి తడబడతావని తెలుసు. తడబడినా పరవాలేదు. 'మా మావయ్యకు చూపించి రెండు రోజుల్లో చెబుతాను సార్' అను, చాలు. ఒడియాలో చెప్పినా వాళ్ళకు అర్థమవుతుంది.

శుక్రవారం భువనేశ్వర్‌లో గుణుపూర్ రైలెక్కు. స్టేషన్‌కు నేనొస్తాను. అసలు కాగితాలు తీసుకురా, ఫోన్లో ఫోటోలు కాదు. శనివారం పొద్దున్న వకీలుగారు రమ్మన్నారు. మీ అత్త నీకోసం ఎండు చేపల పులుసు పెడతానంటోంది.

నీ పెద్ద మావయ్య