'హౌస్ ఆఫ్ అషర్' సిరీస్ చూసే ముందు ఎడ్గార్ అలన్ పో కథలు చదవాలా?

అన్నీ అక్కర్లేదు. కానీ ఒక రెండు చదివి కూర్చుంటే ఆ భయమే వేరు.

2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ ఎనిమిది భాగాల సిరీస్ ఒక్క కథను సాగదీసింది కాదు. 19వ శతాబ్దపు అమెరికన్ రచయిత పో రాసిన కథలు చాలావాటిని దర్శకుడు మైక్ ఫ్లానగన్ ఒకే కుటుంబం చుట్టూ అల్లాడు. నొప్పి మాత్రలు అమ్మి కోట్లు గడించిన రోడెరిక్ అషర్‌కి ఆరుగురు పిల్లలు. ఆరుగురూ పోయారని మొదటి భాగంలోనే తెలిసిపోతుంది. ఇక మిగిలింది ఎలా పోయారన్నదే. ఆ 'ఎలా' పో కథల్లో ఉంది.

నేనూ మా చెల్లీ కలిసి చూశాం. తను ఫార్మసీ చదివింది, పో కథలు ఒక్కటీ చదవలేదు. అలవాటు పడరని నమ్మించి ఆ మాత్రలు అంటగట్టడం చూసి తను మండిపడుతూనే ఉంది. ఆ కోపంతో చూసినా సిరీస్ బాగా పట్టుకుంటుంది. నాకు మాత్రం ఐదో భాగం పేరు 'ద టెల్ టేల్ హార్ట్' అని పడగానే ఒళ్ళు జలదరించింది. 1843 నాటి ఆ కథలో ముసలాయన్ని చంపి నేల చెక్కల కింద దాచినవాడికి ఆ గుండె చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. సిరీస్‌లో అషర్ కూతురు విక్టరీన్ గుండె డాక్టరు. ఆవిడకి ఉండుండి కీచుమని ఏదో చప్పుడు. మా చెల్లి "ఏంటా సౌండు?" అని అడుగుతుంటే నేను జవాబు చెప్పకుండా దిండు పట్టుకుని కూర్చున్నాను.

రెండోది 'ద మాస్క్ ఆఫ్ ద రెడ్ డెత్' (1842). ఊళ్ళో మహమ్మారి ఉంటే ప్రాస్పెరో అనే రాజు కోట తలుపుల గడియలు అతికించేసి లోపల విందు చేసుకుంటాడు. సిరీస్‌లో అదే పేరున్న కొడుకు మూతబడ్డ బిల్డింగులో పార్టీ పెడతాడు. పైనుంచి నీళ్ళు ఎప్పుడు పడతాయా అని అందరూ తలలెత్తి చూస్తుంటారు. అంతకంటే చెప్పను.

రెండూ చిన్న కథలే, పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితం. సిరీస్‌లో రూఫస్ గ్రిస్‌వోల్డ్ అనే పాత్రనీ గమనించండి. 1849లో పో చనిపోగానే ఆయన మీద విషం కక్కుతూ రాసిన మనిషి పేరే అది. సిరీస్‌లో ఆ పేరుకి పట్టించిన గతి చూసి పో అభిమానిగా నాకు తృప్తి కలిగింది.

రక్తం, శృంగారం బాగా ఉన్నాయి, పిల్లలతో వద్దు. 'అషర్' అసలు కథ (1839) మాత్రం చివరి భాగం అయ్యాకే చదవండి, లేకపోతే రోడెరిక్, అతని కవల సోదరి మాడలిన్‌ల ముగింపు ముందే తెలిసిపోతుంది.