వార్డులో ఇంగ్లిష్ మీడియం ఉండదండీ

ప్రశ్న: మా అమ్మాయిని ఎంబీబీఎస్‌కు బల్గేరియా పంపాలనుకుంటున్నాం. అంతా ఇంగ్లిష్ మీడియమే, భాషతో పనిలేదని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. కానీ ఆ లిపి చూస్తేనే భయమేస్తోంది. రష్యన్ కంటే సులువేనా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: లిపి గురించి బెంగ వద్దు. మొత్తం 30 అక్షరాలు. గుణింతాలు, ఒత్తులు దిద్దిన పిల్లకు అదొక లెక్కా? రోజూ అరగంట కూర్చుంటే రెండు మూడు వారాల్లో బోర్డులు చదివేస్తుంది. తికమక పెట్టేవి కొత్త అక్షరాలు కావు, తెలిసినట్టు కనిపించేవే. ఇంగ్లిష్ ‘బీ’లా ఉన్నది అక్కడ ‘వ’. ‘హెచ్’లా ఉన్నది ‘న’, ‘పీ’లా ఉన్నది ‘ర’, ‘సీ’లా ఉన్నది ‘స’. అందుకే ‘రెస్తొరాంత్’ అని ఉన్న బోర్డును కొత్తవాళ్లు ‘పెక్టోపాహ్ట్’ అని చదువుతారు. మనం ‘చలి’, ‘చాలు’ అనేటప్పుడు పలికే చకారానికైతే వాళ్లకు విడిగా ఓ అక్షరమే ఉంది.

రష్యన్‌లో నామవాచకాల విభక్తి రూపాలు ప్రాణం తీస్తాయి. బల్గేరియన్‌లో అవి దాదాపు లేవు. క్రియలు మాత్రం కష్టమే. అయితే కళ్లారా చూసినదానికి ఒక రూపం, విన్నదానికి మరో రూపం అంటే అక్కడి విదేశీ విద్యార్థులు తల పట్టుకుంటారు గానీ, ‘వచ్చాడు’, ‘వచ్చాడట’ అనే మనకు అదేం వింత కాదు.

ఇక, ‘భాషతో పనిలేదు’ అన్న మాట. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ మెడికల్ యూనివర్సిటీలున్న ప్లోవ్‌దివ్ అయినా, వర్నా అయినా, ప్లెవెన్ అయినా పాఠం ఇంగ్లిష్‌లో చెబుతారు. రోగి మాట్లాడేది బల్గేరియన్. క్లినికల్ సంవత్సరాల్లో మంచం పక్కన నిలబడి ‘కడె వి బొలి?’, అంటే ఎక్కడ నొప్పి అని అడగాలి. పొట్ట నొక్కి ‘నొప్పిగా ఉందా’ అంటే ముసలమ్మ తల అడ్డంగా ఊపుతుంది. అక్కడ చాలామందికి అది ‘అవును’! మొదటి రెండేళ్లలో బల్గేరియన్ క్లాసులు పెట్టేది ఇందుకే. వాటిని ఎగ్గొట్టిన పిల్లలు తర్వాత వార్డులో గోడకు ఆనుకుని నిలబడతారు.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో కన్సల్టెన్సీ ఏమందో రాశారు, మీ భయం రాశారు. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆరేళ్లు అక్కడ ఉండాల్సింది మీరా, ఆ పిల్లా? ‘యూరప్ డాక్టర్’ అని చుట్టాల్లో చెప్పుకోవడానికైతే ఆ డబ్బు దాచుకోండి. ముందు నెల రోజులు ఆ అక్షరాలు ఆమె చేతికివ్వండి. పరీక్షలా కాదు, ఇష్టంగా కూర్చుంటుందో లేదో మీకే తెలుస్తుంది.

మీరు అడగాల్సింది అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే మన జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆపైన అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ 12 నెలలూ పూర్తిగా అక్కడే చేయిస్తామని యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి, కన్సల్టెన్సీ లెటర్‌హెడ్ మీద కాదు. అది చేతికొచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.