రోజుకు రెండు సిస్టమ్‌లే అవుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, నాది చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు. నేనూ, ఒక కుర్రాడూ ఉంటాం. విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి ఓఎస్ మార్చమని వచ్చేవాళ్లు బాగా పెరిగారు. ఒక్కో సిస్టమ్‌కి విండోస్ వేసి, అప్‌డేట్లు చేసి, డ్రైవర్లు, ప్రింటరు, క్రోమ్ అన్నీ ఎక్కించేసరికి పూట గడిచిపోతోంది. కస్టమర్లేమో ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ఘోస్ట్ ఇమేజ్ (విండోస్, ప్రోగ్రామ్‌లు అన్నీ వేసి ఉన్న డిస్క్‌కి తీసిన నకలు) పెట్టుకుంటే పది నిమిషాల్లో అయిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. మంచిదేనా? ఇంకేదైనా దారి ఉందా?
- ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ముందు మీ టైమ్ ఎక్కడ పోతోందో చూడండి. మంచి పెన్‌డ్రైవ్ నుంచి ఎస్‌ఎస్‌డీ మీదకి విండోస్ 11 వేయడానికి ఇరవై నిమిషాలు చాలు. పూటంతా తినేది దాని తర్వాత వచ్చే అప్‌డేట్లు, డ్రైవర్లు. ఆదా చేయాల్సింది అక్కడే. దానికి ముందుండే బ్యాకప్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గించొద్దు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, షాపు పెట్టిన కొత్తలో ఒక డీటీపీ ఆయన సిస్టమ్ తెచ్చి, "సీ డ్రైవ్‌లో ఏమీ లేదు, అన్నీ డీలోనే ఉన్నాయి, ఫార్మాట్ కొట్టెయ్" అన్నాడు. కొట్టేశాను. సాయంత్రం ఆయన సిస్టమ్ ఆన్ చేసి, "డెస్క్‌టాప్ మీద పెళ్లికార్డుల ఫోల్డర్ ఏదీ?" అని అడిగాడు. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డరే అని ఆయనకు తెలియదు, ఆయనకు తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. రెండు రోజులు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టినా సగం ఫైళ్లు తెరుచుకోలేదు. ఆ రోజు నుంచి కస్టమర్ "ఏమీ లేదు" అన్నా యూజర్స్ ఫోల్డర్ మొత్తం షాపు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, పదిహేను రోజులు ఉంచి, ఆ తర్వాతే తీసేస్తున్నాను. ఆ మాట బిల్లు మీద కూడా రాస్తాను.

కాపీ చేస్తే సరిపోనివి కూడా కొన్ని ఉంటాయి. క్రోమ్ పాస్‌వర్డ్‌లు పాత విండోస్ యూజర్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి ఫోల్డర్ తెచ్చి కొత్తదాంట్లో పెడితే పనిచేయవు, ఫార్మాట్‌కి ముందే సింక్ ఆన్ చేయించాలి లేదా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. వన్‌డ్రైవ్‌లో మేఘం గుర్తున్న ఫైళ్లు అసలు సిస్టమ్‌లోనే ఉండవు, నెట్‌లోనే ఉంటాయి. ట్యాలీ వాడేవాళ్లయితే డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో ట్యాలీ తెరిచి చూసి రాసుకోండి, అంచనా మీద వెళ్లొద్దు. అను అనే తెలుగు ఫాంట్లు వాడే డీటీపీ వాళ్లూ, వేలిముద్ర మెషీన్, డిజిటల్ సంతకం టోకెన్ వాడే మీసేవ వాళ్లూ వస్తే, అవి మళ్లీ ఎక్కించడానికి కావాల్సినవి వాళ్ల దగ్గర ఉన్నాయో లేదో అడగకుండా పని మొదలుపెట్టొద్దు.

ఇంకో మాట, వచ్చిన ప్రతి సిస్టమ్‌కీ ఫార్మాట్ అక్కర్లేదు. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో డిస్క్ ఆరోగ్యం చూడండి. డిస్కే పోతుంటే ఎన్నిసార్లు విండోస్ వేసినా నెలకి మళ్లీ మీ షాపుకే వస్తుంది. డిస్క్ బాగుండి విండోస్ మాత్రమే తిక్కతిక్కగా ఉంటే, విండోస్ నడుస్తుండగానే పెన్‌డ్రైవ్‌లోని సెటప్ తెరిచి, ఫైళ్లూ యాప్‌లూ ఉంచమనే ఆప్షన్‌తో పైనుంచే మళ్లీ వేసేయొచ్చు. ట్యాలీ, ప్రింటరు ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ పద్ధతి మనవాళ్లు తక్కువ వాడతారెందుకో, నాకైతే సగం కేసులు దీంతోనే అయిపోతాయి. దీనికీ బ్యాకప్ మాత్రం తప్పదు.

ఇక అప్‌డేట్ల సంగతి. రెండేళ్ల కిందటి పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేసి, తర్వాత నెట్‌లో గంటలకొద్దీ అప్‌డేట్లు దించడమే మన షాపుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం ఇస్తుంది, మనకు అది రాత్రివేళ. నెలవారీ అప్‌డేట్‌లో పాత నెలలవి కలిసే ఉంటాయి కాబట్టి అన్నీ వరసగా వేయాల్సిన పని లేదు. ఆ వారం చివర్లో ఒక రాత్రి మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ కొత్తగా చేసుకోండి, ఆ నెల అప్‌డేట్ ఫైలు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి దించి పక్కన పెట్టుకోండి. నెలంతా ఒకసారి దించినదే వాడుకోవచ్చు. దాంతోపాటు షాపులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే సిస్టమ్‌లోనూ, కస్టమర్ సిస్టమ్‌లోనూ అప్‌డేట్ సెట్టింగ్స్‌కి వెళ్లి డెలివరీ ఆప్టిమైజేషన్‌లో లోకల్ నెట్‌వర్క్ ఆప్షన్ ఆన్ చేస్తే, ఒకదాంట్లోకి దిగిన అప్‌డేట్‌ని రెండోది దాని దగ్గర నుంచే తీసుకోగలదు. నెట్ నెమ్మదిగా ఉండే ఊళ్లలో ఇది చాలా ఉపయోగం.

డ్రైవర్లకు పీఎన్‌పీయుటిల్ అని విండోస్‌లోనే ఒక కమాండ్ ఉంది. ఫార్మాట్‌కి ముందు దాంతో ఉన్న డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, తర్వాత అదే ఫోల్డర్ చూపించి ఎక్కించేయండి. సౌండ్ రావట్లేదనీ వైఫై లేదనీ ఒక్కో సైటూ వెతికే పని ఉండదు. క్రోమ్, వీఎల్‌సీ లాంటివి విన్‌గెట్‌తో (కమాండ్‌తో ప్రోగ్రామ్‌లు ఎక్కించే విండోస్ టూల్) ఒకే బ్యాచ్ ఫైలుగా రాసుకుంటే, దాన్ని నడిపి మీరు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

ఘోస్ట్ ఇమేజ్ విషయానికొస్తే, ఒకే మోడల్ సిస్టమ్‌లు ఇరవై ఉన్న స్కూల్ ల్యాబ్‌కి మంచిదే, అదీ సిస్‌ప్రెప్ అనే విండోస్ టూల్‌తో జనరలైజ్ చేశాక, అంటే ఆ ఒక్క సిస్టమ్‌కే చెందిన గుర్తులు తీసేశాక. రోజుకో రకం ల్యాప్‌టాప్ వచ్చే మీ షాపుకి దాన్ని కొత్తగా ఉంచుకోవడమే ఇంకో పని. పైగా ఆ "పది నిమిషాల" ఇమేజ్‌లు చేతులు మారి వచ్చినవైతే అందులో ఎవరు ఏం పెట్టారో మనకు తెలియదు. ఆ సిస్టమ్‌లోనే రేపు కస్టమర్ బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాడు. దయచేసి అవి ముట్టుకోవద్దు. విండోస్‌తోనే వచ్చిన ల్యాప్‌టాప్‌లలో విండోస్ 8 కాలం నుంచి యాక్టివేషన్ కీ బయోస్‌లోనే (మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రామ్) ఉంటోంది, అదే ఎడిషన్ వేసి నెట్ ఇస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

చివరి జాగ్రత్త, ఇది కొత్తగా వచ్చిన ప్రమాదం. సెటప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగితే తొందరలో షాపు అకౌంట్ కొట్టేస్తుంటారు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా వేసి అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా సిస్టమ్‌లలో డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా తెరుచుకోకుండా తాళం పడుతుంది. 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌కే వెళ్తుంది. ఆరు నెలల తర్వాత బయోస్ అప్‌డేట్ అయి నీలం తెర మీద కీ అడిగితే, పాపం కస్టమర్ దగ్గర ఏమీ ఉండదు. అకౌంట్ కస్టమర్‌దే పెట్టించండి, ఫోన్ తెప్పించి ఎదురుగా లాగిన్ చేయించండి, కీ ప్రింట్ తీసి బిల్లుకి పిన్ చేసి ఇవ్వండి. మీ దగ్గరికి వచ్చే సిస్టమ్‌లలో కూడా ఫార్మాట్‌కో బయోస్ అప్‌డేట్‌కో ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌ని ఇలా ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) ఉందేమో చూసుకోండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో విండోస్ వేస్తుంటే డ్రైవ్ కనిపించడం లేదు. ఎస్‌ఎస్‌డీ పోయినట్టేనా?
- ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: తొందరపడి కొత్తది కొనొద్దమ్మా. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. బయోస్‌లో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్) ఆన్ ఉంటే విండోస్ సెటప్‌కి డ్రైవ్ కనబడదు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, సెటప్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. బయోస్‌లోనే డ్రైవ్ పేరు కనిపించకపోతే అప్పుడు ఎస్‌ఎస్‌డీని అనుమానించాలి.

ప్రశ్న: మా ఆరో తరం ఐ5 సిస్టమ్‌కి విండోస్ 11 వేయమంటే ఒకరు కుదరదంటారు, ఒకరు వేసేస్తామంటారు. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: రెండో వాళ్లు చెప్పేదీ నిజమే, చెకింగ్ దాటవేసి వేయొచ్చు. కానీ మైక్రోసాఫ్ట్ లెక్కలో ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచీ, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్‌తోనూ ఉండాలి. అలా వేసిన సిస్టమ్‌కి ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, ఆ మాట మీకు చెప్పి వేసేవాళ్ల దగ్గరే వేయించుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఈఎస్‌యూ అనే అప్‌డేట్ల పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, దానికి మీ సిస్టమ్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి. బ్రౌజర్, సినిమాలు, ఉత్తరాలు టైప్ చేయడం వరకే మీ వాడకమైతే విండోస్ బదులు వాడుకోగల లైనక్స్ మింట్ అనే ఓఎస్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి, డిస్క్ ముట్టుకోకుండానే ప్రింటరు పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది.