అద్దం ముందు వీణ పెట్టుకున్నావట

చిట్టీ,

పెళ్ళికి ముందు నీ బొమ్మ నువ్వే వేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అదీ వీణ వాయిస్తూ, ఇటలీ చిత్రకారిణి లవీనియా ఫోంటానా తనకి తనే వేసుకున్న బొమ్మ చూసి! మురిసిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది.

రంగుల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. కాన్వాసు మాత్రం పెద్దది తీసుకోకు. రోములో ఉన్న ఆ బొమ్మ 27 సెంటీమీటర్ల ఎత్తు, 24 వెడల్పు, అంతే. అందులోనే మీటల వాయిద్యం, స్వరాల పుస్తకం పట్టుకున్న పనిమనిషి, వెనక గది, కిటికీ అన్నీ ఇరికించింది మహాతల్లి.

నా భయమల్లా అద్దంతోనే. ప్రోస్పెరో ఫోంటానా కూతురు, కన్య లవీనియా అద్దంలో చూసి తన ముఖం వేసుకుందని, 1577 అని, లాటిన్‌లో బొమ్మమీదే రాసుకుంది. అది చదివి నువ్వూ అద్దం ముందు కూర్చున్నావు. అద్దంలో కుడి ఎడమవుతుందే పిచ్చిపిల్లా!

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మా వీధిలో వీణ టీచరుగారి బొమ్మ వేశాను, ఫొటో చూసి. స్టూడియోవాళ్ళు నెగెటివ్ తిరగేసి ప్రింటు తీశారు. నేను కనిపెట్టలేదు. ఆరు వారాలు కష్టపడ్డాను. వీణమీది ఒక్కో మెట్టూ లెక్కపెట్టి 24 వేశాను. ఫ్రేము కట్టించి, చీరలో చుట్టి పట్టుకెళ్ళాను. ఆవిడ చాలాసేపు చూసి, ఏమీ అనకుండా కాఫీ పెట్టడానికి లేచింది. పాఠానికొచ్చిన చిన్నపిల్ల అడిగేసింది, "టీచర్, ఎడంచేత్తో మీటుతున్నారేంటి?" అప్పుడు చూశాను. పైట కూడా కుడి భుజం మీదుంది! మెట్లు లెక్కపెట్టినదాన్ని, పైట చూసుకోలేదు. "అద్దంలో చూస్తే సరిపోతుందిలే అమ్మాయ్" అంటూ కాఫీ గ్లాసు చేతికిచ్చింది. ఆ కాఫీ గొంతు దిగలేదు.

అందుకని ముఖానికి అద్దం పెట్టుకో, చేతులకి వద్దు. ఎవరిచేతనైనా ఎదురుగా వీడియో తీయించు. సెల్ఫీ వద్దు, కొన్ని ఫోన్లు దాన్నీ తిప్పేస్తాయి. ఊరికే పోజు పెట్టకు, నిజంగా వాయించు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మీటుతుంటే చిటికెనవేలు పక్కనున్న తాళం తీగలమీదికి ఎలా పోతుందో చూడు. నీ చిటికెనవేలు చిన్నప్పటినుంచీ కొంచెం వంకర. దాన్ని తిన్నగా వేశావో, ఊరుకోను.

ఇంకొకటి. లవీనియా వెనక కిటికీ దగ్గర ఖాళీ ఈజిల్, అదే బొమ్మలేసుకునే స్టాండు, ఉంటుంది, చూశావా? ఆ బొమ్మ కాబోయే అత్తవారికోసం వేసిందంటారు. తర్వాత పదకొండు మంది పిల్లల్ని కంది, బొమ్మలు మాత్రం మానలేదు. మొగుడు ఆవిడ పనిలో సాయం చేసేవాడు. నా ఈజిల్ పెళ్ళయిన రెండో నెలలో అటకెక్కింది. దించడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది.

నువ్వు పంపిన స్కెచ్‌లో నగలున్నాయి, పట్టుచీర అంచుంది, వీణకి యాళి తల కూడా ఉంది. ఈజిల్ ఏదీ? రేపటికల్లా వేసి మళ్ళీ పంపు. అబ్బాయికీ చూపించు.

మీ పెద్దమ్మ