బేస్‌బాల్ ట్రివియాలో ‘చివరి ఆట’ అంటే ఏ ఆట?

సందేహం: బోస్టన్‌కి కొత్తగా వచ్చాం. ఆఫీసువాళ్ళు నెలకోసారి ట్రివియా నైట్‌కి (క్విజ్ పోటీకి) తీసుకెళ్తారు. క్రికెట్ తప్ప తెలియని మాకు బేస్‌బాల్ ప్రశ్న వచ్చిందంటే నోట మాట రాదు. ఫలానా ఆటగాడు ఫలానా టీముకి ఆడిన చివరి గేమ్‌లో ఏం చేశాడు అనే రకం ప్రశ్నలు మరీ ఎక్కువ. వీటిని ఎక్కణ్ణించి పట్టుకోవాలి? ఆ చివరి గేముల్లో ఒకదానికి వెళ్ళి చూడాలన్నా ఏం చూసుకోవాలి?

జవాబు: ఉన్న ఊరితోనే మొదలుపెట్టండి. రెడ్ సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్ ఆఖరిసారి బ్యాటు పట్టినప్పుడు హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడని బోస్టన్‌లో అందరికీ తెలుసు. అందుకే ప్రశ్నలు తయారుచేసేవాళ్ళు దాన్ని నేరుగా అడగరు, చుట్టుపక్కల తవ్వుతారు. 1960 సెప్టెంబర్ 28, ఫెన్‌వే పార్క్ (రెడ్ సాక్స్ సొంత స్టేడియం), ప్రత్యర్థి బాల్టిమోర్ ఓరియోల్స్. మొదటిసారి వాక్ (నాలుగు బంతులు బయటికి పడితే ఉచితంగా మొదటి బేస్) దొరికింది. తర్వాత రెండుసార్లు బంతి గాల్లోకి లేచి క్యాచ్ అయింది. ఎనిమిదో ఇన్నింగ్‌లో జాక్ ఫిషర్ బౌలింగ్‌లో హోమ్ రన్, కెరీర్‌లో 521వది. జనం ఎంత గోల చేసినా టోపీ తీసి చూపించలేదు. తొమ్మిదో ఇన్నింగ్‌కి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి వెళ్ళి నిలబడ్డాడు, వెంటనే కారల్ హార్డీని పంపి ఇతన్ని వెనక్కి పిలిచారు. ఆరోజు టికెట్ కొని చూసినవాళ్ళు 10,454 మంది, స్టేడియంలో మూడోవంతు కూడా కాదు.

ఇక్కడే మెలిక ఉంది. అది విలియమ్స్‌కి చివరి గేమ్ గాని రెడ్ సాక్స్‌కి ఆ సీజన్లో చివరిది కాదు. న్యూయార్క్‌లో ఇంకో మూడు గేములున్నాయి, అతను వెళ్ళలేదు. ఇలాంటి ప్రశ్నల్లో మార్కులు పోయేది విషయం తెలియక కంటే ప్రశ్న సరిగ్గా వినక. ‘చివరి’ అన్న మాట పక్కన ఏముందో చూడాలి: చివరి హోమ్ గేమా, చివరి రెగ్యులర్ సీజన్ (లీగ్ దశ) గేమా, ప్లేఆఫ్స్ (తర్వాతి నాకౌట్ దశ) కలిపా, ఆ టీముకి చివరిదా, మొత్తం కెరీర్‌కా.

న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్‌ని తీసుకోండి. 2014 సెప్టెంబర్ 25న యాంకీ స్టేడియంలో ఓరియోల్స్ మీద ఆఖరి ఇన్నింగ్‌లో సింగిల్ (బంతి కొట్టి మొదటి బేస్ చేరే హిట్) కొట్టి గేమ్ గెలిపించాడు. టీవీల్లో వందసార్లు తిప్పేది ఆ ముక్కే కాబట్టి అదే చివరి గేమ్ అని చాలామంది రాసేస్తారు. అది చివరి హోమ్ గేమ్ మాత్రమే. అసలు చివరిది మూడు రోజుల తర్వాత మీ ఫెన్‌వేలోనే, సెప్టెంబర్ 28న. మూడో ఇన్నింగ్‌లో మూడో బేస్ వైపు ఎత్తుగా ఎగిరిన బంతికి పరిగెత్తి సింగిల్ సాధించాడు, ఒక రన్ వచ్చింది, పించ్ రన్నర్‌ని (బదులు పరిగెత్తేవాణ్ణి) దించి అతన్ని బయటికి తీసుకున్నారు. మొత్తం 3,465 హిట్లు. యాంకీస్ పిచ్చర్ (బంతి వేసేవాడు) మైక్ ముసీనా కూడా చివరి గేమ్ ఫెన్‌వేలోనే ఆడాడు, 2008 సెప్టెంబర్ 28న, ఆ సీజన్లో తన 20వ గెలుపుతో. విలియమ్స్, ముసీనా, జీటర్: ముగ్గురికీ ఒకే తేదీ, ఒకే స్టేడియం. బోస్టన్ ట్రివియాకి ఇంతకంటే పనికొచ్చే ముక్క లేదు, రాసిపెట్టుకోండి.

రెగ్యులర్ సీజన్, ప్లేఆఫ్స్ తేడా అంతకంటే పెద్ద గుంట. సైట్లలో ఆటగాడి పేజీ పైన కనిపించే చివరి గేమ్ తేదీ సాధారణంగా రెగ్యులర్ సీజన్‌దే ఉంటుంది. జాకీ రాబిన్సన్ నిజంగా ఆఖరిసారి ఆడింది 1956 అక్టోబర్ 10న, వరల్డ్ సిరీస్ (ప్లేఆఫ్స్‌లో ఫైనల్) ఏడో గేమ్. అందులో ఆఖరి అవుట్ కూడా అతనిదే, స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో అవుట్). ఆ డిసెంబరులో డాడ్జర్స్ అతన్ని న్యూయార్క్ జెయింట్స్‌కి ట్రేడ్ చేస్తే (ఇచ్చేస్తే) వెళ్ళకుండా రిటైరయ్యాడు. డాడ్జర్స్ పిచ్చర్ శాండీ కోఫాక్స్‌దీ ఇదే కథ. ఆఖరి గేమ్ 1966 వరల్డ్ సిరీస్ రెండోది, అక్టోబర్ 6న. అప్పటికి వయసు 30 ఏళ్ళే.

పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే దగ్గర అయితే అమెరికన్లే బోల్తా పడతారు. 1972 సెప్టెంబర్ 30న పిట్స్‌బర్గ్‌లో న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జాన్ మ్యాట్లాక్ మీద డబుల్ (రెండో బేస్ దాకా చేరే హిట్) కొట్టి 3,000 హిట్లు పూర్తి చేశాడు. ఆ డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకి సామాను తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు. ఈ రెండూ కలిపి, 3,000వ హిట్ కొట్టిందే ఆఖరి గేమ్ అని జనం జ్ఞాపకం పెట్టుకున్నారు. కాదు. సెప్టెంబర్ 30 ఆఖరి రెగ్యులర్ సీజన్ హిట్. అక్టోబర్ 3న ఫీల్డింగ్‌కి మాత్రం దిగాడు, అది ఆఖరి రెగ్యులర్ సీజన్ గేమ్. అసలు ఆఖరి గేమ్ అక్టోబర్ 11న సిన్సినాటిలో, ప్లేఆఫ్స్‌లో. ఒక్క మనిషికి మూడు తేదీలు, మూడూ సరైన జవాబులే, ప్రశ్న ఏదన్నదాన్ని బట్టి.

టీముకి చివరిదా, కెరీర్‌కి చివరిదా అన్నది మూడో వల. హ్యాంక్ ఆరన్ అట్లాంటా బ్రేవ్స్‌కి ఆడిన చివరి గేమ్ 1974 అక్టోబర్ 2న, ఆఖరి బ్యాటింగ్‌లో హోమ్ రన్, 733వది. కానీ అతని లెక్క 755 దగ్గర ఆగింది, ఎందుకంటే మిల్వాకీకి ట్రేడ్ అయి 1976 దాకా ఆడాడు. బేబ్ రూత్ 1934తో యాంకీస్‌ని వదిలి 1935లో బోస్టన్ బ్రేవ్స్‌కి ఆడాడు. మే 25న పిట్స్‌బర్గ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టి 714కి చేరాడు. కథ అందంగా ఉంది కాబట్టి దాన్నే ఆఖరి గేమ్ అంటారు. నిజానికి మే 30న ఫిలడెల్ఫియాలో కూడా ఆడాడు, హిట్ లేదు.

యాంకీస్ ఆటగాడు లూ గెరిగ్ విషయంలో తేదీలు కలగలుపుతారు. వరుసగా 2,130 గేములు ఆడాక 1939 మే 2న డెట్రాయిట్‌లో తనంతట తాను పక్కకి తప్పుకున్నాడు. అంటే ఆడిన చివరి గేమ్ మే 2 కాదు, ఏప్రిల్ 30. ఆ జులై 4న అతను చేసిన పేరుమోసిన ప్రసంగం వీడ్కోలు సభది, ఆ రోజు అతను ఆడలేదు.

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇదంతా కొత్తేమీ కాదు. మన అజహరుద్దీన్ తొలి టెస్టులోనూ సెంచరీ, 99వదీ ఆఖరిదీ అయిన టెస్టులోనూ సెంచరీ, 2000 మార్చిలో బెంగళూరులో. వీవీఎస్ లక్ష్మణ్ ఆఖరి టెస్టు 2012 జనవరిలో అడిలైడ్‌లో. ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో టెస్టుకి జట్టులో పేరున్నా అంతకు ముందే రిటైర్మెంట్ ప్రకటించాడు కాబట్టి ‘సొంతూళ్ళో చివరి టెస్టు’ అని రాస్తే తప్పు. బేస్‌బాల్‌లో అదనంగా ఉన్నది ట్రేడ్. సాధారణంగా ఆటగాడి ఇష్టంతో పనిలేకుండా సీజన్ మధ్యలో ఇంకో ఊరికి పంపేస్తారు, గడువు ఏటా జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో. ఆ వారం గేమ్ మధ్యలో ఎవరినైనా తీసేసి డగౌట్‌లో కౌగిలించుకోవడం మొదలుపెట్టారంటే ఫ్యాన్స్ ఫోన్లు బయటికి తీస్తారు. దీనికి ‘హగ్ వాచ్’ అని పేరు కూడా ఉంది.

ఒక్కోసారి ఆ కౌగిళ్ళు వట్టిపోతాయి. 2015 జులై 29న మెట్స్ ఆటగాడు విల్మర్ ఫ్లోరెస్ తనని ట్రేడ్ చేశారని విని ఫీల్డ్‌లోనే కన్నీళ్ళు తుడుచుకున్నాడు. ట్రేడ్ రద్దయింది. రెండు రోజులకి అదే స్టేడియంలో 12వ ఇన్నింగ్‌లో హోమ్ రన్ కొట్టి గెలిపించాడు.

ఈ కోవలో నా ఓటు జోయెల్ యంగ్‌బ్లడ్‌కి. 1982 ఆగస్టు 4 మధ్యాహ్నం షికాగోలో మెట్స్ తరఫున ఫెర్గసన్ జెంకిన్స్ మీద హిట్ కొట్టాడు. గేమ్ మధ్యలోనే పిలిచి మాంట్రియల్‌కి ట్రేడ్ అయ్యావన్నారు. విమానమెక్కి ఫిలడెల్ఫియా చేరి ఆ రాత్రే కొత్త టీముకి దిగి స్టీవ్ కార్ల్‌టన్ మీద ఇంకో హిట్ కొట్టాడు. ఒకే రోజు రెండు ఊళ్ళలో రెండు టీములకి హిట్ కొట్టింది అతనొక్కడే, పైగా ఆ పిచ్చర్లిద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌వాళ్ళు. 1922 మే 30న షికాగోలో మాక్స్ ఫ్లాక్, క్లిఫ్ హీత్‌కోట్ అనే ఇద్దర్ని డబుల్‌హెడర్ (ఒకే రోజు రెండు గేములు) విరామంలో ఒకరికొకరిని మార్చుకున్నారు. పొద్దున ఈ డ్రెస్సింగ్ రూమ్, మధ్యాహ్నం ఆ డ్రెస్సింగ్ రూమ్. జపాన్ ఆటగాడు ఇచిరోది కూడా అలాంటిదే: 2012 జులై 23న సియాటిల్ మారినర్స్ అతన్ని యాంకీస్‌కి ట్రేడ్ చేశారు, యాంకీస్ ఆ రాత్రి ఆడుతున్నది సియాటిల్‌లోనే. సొంత జనానికి వంగి నమస్కరించి వాళ్ళ టీము మీదే సింగిల్ కొట్టాడు. అయితే మారినర్స్‌కి చివరి గేమ్ ఎప్పుడంటే 2012 అని రాయకండి. 2018లో తిరిగొచ్చాడు, ఆఖరిది 2019 మార్చి 21న టోక్యో డోమ్‌లో.

డ్యానీ జాన్సెన్‌ది లెక్కలు రాసేవాళ్ళకే తలనొప్పి. 2024 జూన్ 26న ఫెన్‌వేలో టొరంటో తరఫున బ్యాటింగ్ చేస్తుండగా వాన వచ్చి గేమ్ ఆగింది. జులై 27న బోస్టన్‌కే ట్రేడ్ అయ్యాడు. ఆగస్టు 26న గేమ్ ఆగినచోట మొదలైతే, అతను సగంలో వదిలిన బ్యాటింగ్‌ని డాల్టన్ వార్షో పూర్తి చేశాడు. వెనకాల క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటివాడు) కూర్చున్నది బోస్టన్ జెర్సీలో జాన్సెన్. ఒకే గేమ్‌లో రెండు టీములకీ ఆడిన మొదటి మేజర్ లీగ్ ఆటగాడు. ఆగిన గేమ్ ఎప్పుడు పూర్తయినా అంకెలన్నీ మొదలైన తేదీ కిందే పడతాయి, కాబట్టి రికార్డులో అతను ట్రేడ్ కాకముందే జూన్‌లో బోస్టన్‌కి ఆడినట్టు కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు.

తయారయ్యే పద్ధతి: బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లో ఆటగాడి పేజీ తెరవండి. కిందికి వెళ్తే ట్రేడుల జాబితా ఉంటుంది, ముందు అది చదివి టీము మారిన తేదీ పట్టుకోండి. తర్వాత గేమ్ లాగ్స్‌లో ఆ ఏడాది ఎంచుకుని టీము పేరు మారే వరస దగ్గర ఆగండి, దాని పైన ఉన్నదే పాత టీముకి చివరి గేమ్. ప్రత్యర్థి పేరు ముందు ‘@’ గుర్తుంటే బయటి ఊళ్ళో ఆడినట్టు. తేదీ పక్కన బ్రాకెట్లో 1, 2 ఉంటే డబుల్‌హెడర్. ప్లేఆఫ్స్ పట్టిక వేరుగా ఉంటుంది, అది చూడకుండా జవాబు ఖాయం చేయకండి. తేదీ మీద నొక్కితే బాక్స్ స్కోర్ (ఆ గేమ్ స్కోర్‌కార్డు) వస్తుంది.

బాక్స్ స్కోర్‌లో ఎట్-బ్యాట్ లెక్కతో జాగ్రత్త. నాలుగు బంతులు బయటికి పడి వాక్ దొరికితే అది ఎట్-బ్యాట్‌లోకి రాదు, ప్లేట్ అప్పియరెన్స్‌లోకి (బ్యాటింగ్‌కి వచ్చిన మొత్తం సార్లలోకి) వస్తుంది. మన వైడ్ లాగే: పరుగు వస్తుంది, బ్యాటర్ ఆడిన బంతుల్లో చేరదు. విలియమ్స్ ఆరోజు నాలుగుసార్లు బ్యాటింగ్‌కి వచ్చినా ఎట్-బ్యాట్‌లు మూడే. రెడ్ సాక్స్ ఆటగాడు డేవిడ్ ఆర్టిజ్ 2016 అక్టోబర్ 10న ఫెన్‌వేలో ఆఖరిసారి వచ్చి వాక్‌తో వెళ్ళాడు. అంటే అతని చివరి ఎట్-బ్యాట్ అది కాదు. క్విజ్ మాస్టర్ ఈ రెండు మాటల్లో ఏది వాడాడో వినండి, అనుమానమొస్తే మళ్ళీ చదవమనండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మొత్తం కెరీరే ఒక్క గేమ్ అయినవాళ్ళు కూడా ప్రశ్నల్లోకి వస్తారు. జాన్ పాచరెక్ 1963 సెప్టెంబర్ 29న హ్యూస్టన్‌కి ఆడి మూడు ఎట్-బ్యాట్‌లకి మూడు హిట్లు, రెండు వాక్‌లు, నాలుగు రన్లు. మళ్ళీ మేజర్ లీగ్‌లో ఆడలేదు. అదే రోజు సెయింట్ లూయీలో స్టాన్ మ్యూజియల్ రిటైరయ్యాడు, 3,630 హిట్లతో, సొంతూళ్ళో 1,815, బయట 1,815.

ఇక చూడ్డానికి వెళ్ళే సంగతి. ఎవరైనా సీజన్ ముగిశాక రిటైరవుతానని ముందే చెబితే షెడ్యూల్‌లో సెప్టెంబర్ చివరి హోమ్ సిరీస్ ఎప్పుడో చూడండి, టీము చివరి మూడు గేములు వేరే ఊళ్ళో పడొచ్చు. ప్లేఆఫ్స్‌కి వెళ్ళే టీమైతే మీరు కొన్నది చివరి గేమ్ కాకుండా పోతుంది. చివరి వారం వాన పడి గేమ్ పోతే, టీముల స్థానాల మీద ప్రభావం లేదనుకుంటే, మళ్ళీ ఆడకుండా రద్దు చేసెయ్యొచ్చు. అందుకని ఒక్క ఆఖరి రోజుకే కాక దాని ముందురోజుకీ టికెట్ చూసుకోవడం మంచిది. ఆలస్యంగా మాత్రం వెళ్ళకండి. జీటర్‌ని మూడో ఇన్నింగ్‌లోనే తీసేశారు, 2023 నుంచి పిచ్ క్లాక్ (బంతి బంతికీ సమయ పరిమితి) వచ్చాక మూడు ఇన్నింగ్స్ ఇంకా త్వరగా అయిపోతున్నాయి. పార్కింగ్ వెతుక్కుంటూ హాట్‌డాగ్ వరసలో నిలబడేసరికి మీరు వచ్చిన పని అయిపోవచ్చు. అలాగని మధ్యలో లేచి రావడమూ పనికిరాదు: కొందర్ని తొమ్మిదో ఇన్నింగ్‌లో ఫీల్డ్‌లోకి పంపి, అందరూ లేచి చప్పట్లు కొట్టడానికే వెనక్కి పిలుస్తారు. కాల్ రిప్కెన్ చివరి గేమ్, 2001 అక్టోబర్ 6న బాల్టిమోర్‌లో, ముగిసే సమయానికి తర్వాతి బ్యాటర్ అతనే. ముందున్న బ్రేడీ ఆండర్సన్ స్ట్రైకౌట్ అయ్యాడు. రిప్కెన్ బ్యాటు పట్టుకుని ఆన్-డెక్ సర్కిల్‌లో నిలబడి ఉన్నాడు.